పుక్కిట పట్టిన గుక్కెడు నీళ్లు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా ఆవిడ అంటుంది, డయాలసిస్ సెంటర్లో సిస్టర్ అంటుంది, ఆటోనగర్‌లో నాతో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసినవాళ్లంతా అంటారు. అందరూ ఒకే మాట మీద ఉన్నారు కాబట్టి నేనూ ఒప్పేసుకుంటున్నాను. కిడ్నీలు పోయాక అది ఇంకాస్త ముదిరింది. వారానికి మూడు రోజులు, పూటకి నాలుగు గంటలు, చేతికి రెండు సూదులు గుచ్చుకుని మంచానికి అతుక్కుపోతే ఎవరికి ముదరదు చెప్పండి.

నేను ఆటోనగర్‌లో ఒక చిన్న ఫౌండ్రీలో ఫర్నేసు దగ్గర చేసేవాణ్ణి. ఇనుము కరిగించి అచ్చుల్లో పోయడం మా పని. చేరిన రోజున నాకు నేర్పిన మొదటి పాఠం ఇనుము గురించి కాదు, నీళ్ల గురించి. దాహం వేసేదాకా ఆగకూడదు, ముందే తాగేయాలి. గంటకో చెంబు నీళ్లు, అందులో చిటికెడు ఉప్పు, దొరికితే ఓ నిమ్మచెక్క. తర్వాత కొత్తవాళ్లు ఎవరొచ్చినా ఆ పాఠం చెప్పే పని నాదయింది. "పని తర్వాత సూసుకుందారి, ముందు నీల్లు తాగెహె!" అని నేను అరిస్తే షెడ్డు చివరిదాకా వినిపించేది.

అలాంటి మనిషికి యాభై ఎనిమిదో ఏట డాక్టరుగారు చెప్పిందేమిటంటే, రోజు మొత్తానికి ముప్పావు లీటరు. కాఫీ, చారు, మజ్జిగ, మాత్ర మింగే నీళ్లు, అన్నీ కలిపి అంతే. ఆ రోజు నేను నవ్వాను. మా ఫౌండ్రీలో అది గంట సేపటి కోటా.

నేను వినదలుచుకోక కాదు, ఒళ్లు వినలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి నాలుక పిడచకట్టుకుపోయేది, గుండెల్లో ఒకటే దడ. వంటింట్లోకి వెళ్లి చెంబెత్తేసేవాణ్ణి. ఆపైన నా తెలివి చూడండి, పాత అలవాటు కొద్దీ అందులో ఉప్పూ నిమ్మరసం కలిపేవాణ్ణి. ఉప్పేస్తే దాహం కట్టేస్తుందని నా గట్టి నమ్మకం. ఒళ్లంతా చెమటలు కారే మనిషికి అది సరే. చెమటా లేక, ఒంటేలూ సరిగ్గా రాని మనిషికి ఆ ఉప్పే మళ్లీ దాహం పుట్టిస్తుందన్న సంగతి నాకు తట్టలేదు. సోమవారం పొద్దున్న సెంటర్లో కాటా ఎక్కితే నాలుగున్నర కేజీలు, ఒక్కోసారి ఐదు కేజీలు ఎక్కువ తూగేవాణ్ణి. అంతా నీరే. ఆ నీరంతా నాలుగు గంటల్లో మిషను లాగేస్తుంటే పిక్కలు పట్టేసి, వార్డు ఎగిరిపోయేలా కేకలు పెట్టేవాణ్ణి.

ఒకరోజు డాక్టరుగారు మా ఆవిణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టి రిపోర్టు చూపించారు. గుండె సాగిపోతోందట. ఇలాగే నాలుగైదు కేజీల నీరేసుకుని వస్తుంటే ఏదో ఒక రోజు మిషను దాకా రాకముందే దారిలో ఆగిపోతుందన్నారు. మా ఆవిడ గాజువాకలో ఆటో దిగి, ఇంటికొచ్చి నీళ్ల బిందె మీద మూతపెట్టి, ఆ మూత మీద రుబ్బురోలు పొత్రం ఎక్కించింది. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుంటే నేను పొత్రం చప్పుడు కాకుండా దించి తాగాను. సిగ్గు లేదా అంటే లేదు. దాహం ముందు సిగ్గేమిటి.

మా సెంటర్లో నా పక్క మంచం ఒక జాలరాయనది. నా ఈడువాడే. సముద్రం ఒడ్డున పేటలో ఇల్లు, తమ్ముడితో కలిసి ఒక ఫైబర్ తెప్ప. కిడ్నీలు పోయాక తను వేటకి వెళ్లడం మానేశాడు, తమ్ముడు వెళ్తాడు. ఆరేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నాడు. నాకు ఒంటేలు కొంచెమైనా వస్తుంది, అతనికి చుక్క రాదు. అయినా ఏ రోజూ కాటా మీద రెండు కేజీలు దాటడు. "చూడండి బాబాయ్‌గారూ, ఆయన్ని చూసి నేర్చుకోండి" అని సిస్టర్ రోజూ అనేది. అలా అన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. పైగా అతను నన్ను చూసి నవ్వేవాడు, "ఏటి బావ, బరువెంత తెచ్చినావ్?" అని. జవాబు చెప్పకుండా గోడ వైపు తిరిగిపోయేవాణ్ణి.

ఆ రోజుల్లోనే మద్దిలపాలెం నుంచి ఒక అమ్మాయి రావడం మొదలుపెట్టింది. కౌన్సెలర్ అట. మైండ్‌ఫుల్‌నెస్ నేర్పిస్తానంది. అంటే ఏమిటమ్మా అంటే, ఈ క్షణంలో ఒంట్లో, మనసులో ఏం జరుగుతోందో దాన్ని తిట్టకుండా, తరిమేయకుండా గమనించడం అంది. సూదులు గుచ్చుకుని పడుకున్నవాడికి గమనించక వేరే పనేముంది? ఆ మాటే అన్నాను. పాపం నవ్వి ఊరుకుంది.

మొదటి రోజు అందరి అరచేతిలో తలా ఒక ఎండుద్రాక్ష పెట్టింది. దాన్ని చూడాలట, వాసన చూడాలట, నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమలాలట. మేం ద్రాక్ష వైపు దీక్షగా చూస్తున్నాం. ఇంతలో సిస్టర్ పరిగెత్తుకుంటూ వచ్చింది. "అయ్యో మేడం! పొటాషియం! మా పేషెంట్లకి ఎండుద్రాక్ష పెడతారా?" అని మా చేతుల్లోంచి ఒక్కొక్కటీ ఏరుకుని పట్టుకుపోయింది. ఒక్క ద్రాక్షతో కొంపలేం మునగవు గానీ సిస్టర్ చండశాసనురాలు. ఆ అమ్మాయి మొహం కందగడ్డ అయిపోయింది. నేను కడుపుబ్బ నవ్వాను. ఆ సెంటర్లో నేను నవ్వడం అదే మొదలని తర్వాత సిస్టర్ చెప్పింది.

ఇంకోరైతే మళ్లీ వచ్చేవారు కాదు. ఆ అమ్మాయి వచ్చింది. ఈసారి డాక్టరుగారిని అడిగి, ద్రాక్ష బదులు తలా ఒక చెంచాడు నీళ్లు తెచ్చింది. "దాహం వేసినప్పుడు వెంటనే తాగేయకండి అంకుల్. ఒక్క నిమిషం ఆగి ఆ దాహాన్ని చూడండి. అది పెరుగుతుంది, కాసేపు ఉంటుంది, తగ్గుతుంది. కేవలం చూడండి" అంది.

అంతే, నాలో ఏదో తెగిపోయింది. "సూడ్డవేటమ్మా సూడ్డం! సూసి సూసి ఒక మనిసిని పడగొట్టీసినాను నాను!" అని అరిచాను. వార్డంతా ఉలిక్కిపడింది. మా ఆవిడకి కూడా ఎప్పుడూ చెప్పని సంగతి ఆ మంచం మీద నా నోట్లోంచి వచ్చేసింది. ఒక మే నెలలో, పోత మధ్యలో, నా జతగాడు నీళ్లకి వెళ్తానన్నాడు. ఇంకో రెండు అచ్చులే, అయ్యాక ఎల్దువు ఆగు అన్నాను. ఆగాడు. రెండో అచ్చు పోస్తుండగా నిలువునా కూలిపోయాడు. బతికాడు, అదొక్కటే నయం. కానీ మళ్లీ ఫర్నేసు దగ్గరికి రాలేకపోయాడు. ఆ రోజు నుంచి నా ఒంట్లో దాహం పుడితే దానితోపాటు భయం పుడుతుంది. ఆగితే ఎవరో పడిపోతారని. ఇదంతా గబగబా చెప్పేసి, ఏడుస్తూ, "ఇప్పుడు సెప్పు, ఏటి సూడమంటావ్?" అన్నాను.

ఆ అమ్మాయి కళ్లనిండా నీళ్లు పెట్టుకుని నా కాలి మీద చెయ్యి వేసింది. పక్క మంచం మీంచి జాలరాయన అన్నాడు:

"బావ, ఇప్పుడు నీకు దాహమేస్తందా?"

"ఏస్తంది."

"ఎక్కడుంది?"

"ఎక్కడుండడమేటి? దాహం ఎక్కడుంటాది?"

"అలగ కాదు. ఎతుకు. పెదాల మీదుందా, నాలిక మీదుందా, గొంతులో ఉందా? కంగారు పడకు, ఎతికి సెప్పు."

తిడదామనే నోరు తెరిచాను. కానీ తెరిచిన నోట్లో ముందు వెతకడం మొదలుపెట్టాను. పెదాలు పొడిగానే ఉన్నాయి గానీ దాహం అక్కడ లేదు. నాలుక కొంచెం అతుక్కుంటోంది. గొంతు మామూలుగా ఉంది. దడ మాత్రం కింద, గుండెల్లో ఉంది.

"గుండెలో ఉంది" అన్నాను.

"అయితే అది దాహం కాదు. దానికి నీల్లు పోత్తే ఏటి లాభం?" అన్నాడు.

తర్వాత చెప్పుకొచ్చాడు. సముద్రం మీదికి వెళ్తే నాలుగు దినాలు. ఐదుగురు మనుషులు, రెండు క్యాన్ల నీళ్లు. "ఎవుడైనా దాహమంటే మా అయ్య ఎంటనే ఇచ్చీవోడు కాదు. ఎక్కడుందిరా అని అడిగీవోడు. పెదాల మీదంటే తడిగుడ్డ అద్దుకోమనీవోడు. నాలిక మీదంటే గుక్కెడిచ్చి పుక్కిట పట్టమనీవోడు. గొంతులోకి దిగిందంటేనే మింగనిచ్చీవోడు. అబద్దం సెప్తే తెలిసిపోద్ది బావ, నీల్లు అయిపోతాయి గదా." అని ఆ అమ్మాయి వైపు తిరిగి, "ఈ పిల్ల సెప్పిందీ అదే. పేరే మాకు తెలీదు" అన్నాడు. ఆ పిల్ల నోట్‌బుక్కు తీసి గబగబా రాసుకుంది. నేర్పడానికి వచ్చి నేర్చుకుని వెళ్లడం అందరికీ చేతకాదు. ఆ రోజు నుంచి నాకు ఆ అమ్మాయంటే గౌరవం.

ఉప్పు సంగతి కూడా ఆ రోజే బయటపడింది. నిమ్మకాయ ఉప్పు నీళ్లు తాగుతున్నానని చెబితే జాలరాయన మంచం ఊగిపోయేలా నవ్వాడు. "ఓలమ్మ! సుట్టూ ఉప్పునీల్లే పెట్టుకుని బతికినోల్లం బావ మేం. ఉప్పుతో దాహం తీరీదైతే క్యాన్లెందుకు మోసుకెల్తాం?" నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చి ఉప్పు డబ్బా మా ఆవిడ చేతికిచ్చి, దీన్ని ఎక్కడైనా దాచెయ్ అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, జొరమొచ్చిందా అంది.

ఒక్కరోజులో మారిపోయానంటే నమ్మకండి. ఒక వారం మూడున్నరకి దిగాను, తర్వాతి వారం ఒక పెళ్లి భోజనంలో కూర్చుని మళ్లీ ఐదుకి ఎక్కాను. సిస్టర్ దృష్టిలో నా పేరు ఏమీ మారలేదు. కానీ వెతకడం అలవాటైంది. దాహం చాలాసార్లు నాలుక మీద కూడా ఉండేది కాదు. ఒక్కోసారి అది ఊరికే తోచకపోవడం, ఒక్కోసారి మా ఆవిడ మీద కోపం. గుక్కెడు నీళ్లు పుక్కిట పట్టి అటూ ఇటూ తిప్పుతూ ఉంటే చల్లదనం దవడల్లోంచి చెవులదాకా వెళ్లేది. యాభై ఎనిమిదేళ్లలో నీళ్లకి అంత రుచి ఉంటుందని నాకు తెలీదు. ఆటోనగర్‌లో చెంబులు చెంబులు ఎత్తి గొంతులో పోసుకున్న మనిషిని, ఒక్క గుక్క కూడా నిజంగా తాగలేదనిపించింది.

ఇంతలో తుఫాను వచ్చిపడింది.

శుక్రవారం డయాలసిస్ అయింది. మళ్లీ సోమవారం. ఆదివారం గాలి మొదలైంది. సోమవారం పొద్దుటికి మా వీధిలో రెండు చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి, కరెంటు లేదు. సిస్టర్ ఫోన్ చేసి, సెంటర్లో కరెంటూ లేదు, మిషన్లకి కావలసిన నీళ్లూ లేవు, ఎప్పుడు తెరుస్తామో చెప్పలేం అంది. "బాబాయ్‌గారూ, మీకు దణ్ణం పెడతాను. నీళ్లు తాగకండి" అంది. ఎప్పుడూ గద్దించే మనిషి బతిమాలింది. మా ఆవిడ పొత్రం జోలికి పోలేదు. నా ఎదురుగా కూర్చుని నన్నే చూస్తోంది. బయట ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. ఇంట్లో నేను నీళ్లకి దూరంగా.

మధ్యాహ్నం పన్నెండు దాటాక ఫోన్ మోగింది. జాలరాయన. వాళ్ల పేటవాళ్లందర్నీ ఒక బడిలో పెట్టారు. అక్కడ జనరేటర్ ఉందట.

"బావ, ఏటి సేత్తన్నావ్?"

"ఏటి సేత్తాను? బిందెకేసి సూత్తన్నాను."

"ఎక్కడుంది?"

"నాలిక మీద. కొంచెం గుండెలో కూడా ఉంది."

"అయితే గుక్కెడోసుకో. పుక్కిట పట్టు. నానూ పడతాను. మాటాడకు."

ఇద్దరం నోటినిండా నీళ్లతో ఫోన్ చెవికి పెట్టుకుని కూర్చున్నాం. అటునుంచి పిల్లల గోల, రేకుల మీద వాన చప్పుడు వినిపించాయి. ఎంతసేపో తెలీదు. "ఊఁ, మింగు" అన్నాడు. మింగాను.

"మీ పేటెలగుంది? అందరూ బాగున్నారా?" అని అడిగాను.

"అందరం బాగున్నాం. పెట్టీయ్ బావ, సార్జింగ్ అయిపోద్ది."

సాయంత్రంలోగా ఇంకో మూడుసార్లు చేశాడు. మంగళవారం పొద్దున్నే మళ్లీ చేశాడు. ప్రతిసారీ అదే ప్రశ్న, అదే గుక్క. నాకోసం ఇంత కష్టపడుతున్నాడే, నేను అన్నాళ్లూ గోడ వైపు తిరిగి పడుకున్నది ఈ మనిషి మీద అలిగేనా అని సిగ్గేసింది. ఆ మాట అందామంటే ఫోన్ పెట్టేసేవాడు.

మంగళవారం పదకొండింటికి సిస్టర్ ఫోన్ చేసింది. జనరేటర్ వచ్చింది, ట్యాంకర్ వచ్చింది, నాలుగు మిషన్లే తిరుగుతాయి, వెంటనే రండి అంది. పడిన చెట్లు తప్పించుకుంటూ ఆటో వెళ్లేసరికి రెండు గంటలు పట్టింది. డజను మందిమి ఉన్నాం. మూడు మిషన్ల మీద అప్పటికే మనుషులున్నారు. నాలుగోది నాకోసం ఆపారు. ఎందుకంటే అందరికంటే ఎక్కువ నీరేసుకొచ్చేది నేనే కదా.

కాటా ఎక్కాను. రెండు కేజీల ఎనిమిది వందలు. సిస్టర్ నన్ను దింపి, కాటా సర్ది, మళ్లీ ఎక్కించింది. మళ్లీ అంతే. "ఇదెలా బాబాయ్‌గారూ?" అంది. గర్వంగా ఏదో చెప్పబోతుంటే గుమ్మంలో ఆటో ఆగింది.

జాలరాయన్ని వాళ్ల ఆవిడా ఇంకొకాయనా చెరోవైపు పట్టుకుని దింపుతున్నారు. మొహం ఉబ్బిపోయి ఉంది. రెండు అడుగులు వేసి ఆగి, నోరు తెరిచి ఊపిరి లాగుతున్నాడు. నన్ను చూసి నవ్వబోయాడు గానీ నవ్వడానికి ఊపిరి చాలలేదు. ఒంటేలు చుక్క రాని మనిషి, బడిలో పెట్టిన ఉప్పు కిచిడీ, మిషను ఎక్కి నాలుగు రోజులు. గుక్కలు ఎంత లెక్కగా తాగినా ఒళ్లు ఎంతని ఓర్చుకుంటుంది?

"ఆయన్ని పడుకోబెట్టండి" అన్నాను.

"మీ గుండె సంగతి మర్చిపోయారా? మీరు ఇంకో నాలుగు గంటలు ఆగగలరా?" అంది సిస్టర్.

"డాక్టర్ని పిలు. ఆగలేనంటే అప్పుడు సూద్దారి."

డాక్టరుగారు వచ్చి నా గుండె విన్నారు, వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నారు, రక్తం తీసి పొటాషియం పరీక్ష చేయించారు. "ఈయన ఆగొచ్చు" అన్నారు. జీవితంలో నన్ను గురించి ఎవరూ అంత మంచిమాట అనలేదు.

అతనికి మిషను పెట్టాక నేనూ వాళ్ల ఆవిడా బయట బెంచీ మీద కూర్చున్నాం. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఆవిడే మొదలుపెట్టింది.

"తెప్ప పోనాది అన్నయ్యా. ఆదోరం సాయింత్రమే. రెండు ముక్కలైపోనాది. వొలలు కూడా మిగల్లేదు. తాడట్టుకుని లాగడానికి వానలో ఎల్లాడు, ఎవులు సెప్పినా ఇన్లేదు. బడికొచ్చి గోడకి చేరబడ్డాడు, అంతే. ఎవులితోనీ మాట నేదు. పిల్లలు పిలిసినా పలకలేదు. మీకు పోన్ సేసినప్పుడే నోరిప్పీవోడు."

వేళ్ల మీద లెక్కేశాను. ఆదివారం సాయంత్రం. మొదటి ఫోన్ సోమవారం మధ్యాహ్నం. అందరం బాగున్నాం అన్నాడు.

నాలుగు గంటలయ్యాక లోపలికి వెళ్లాను. సూదులు తీసేశారు, దూది నొక్కి పట్టుకుని కూర్చున్నాడు. ఊపిరి సర్దుకుంది. నాకు కోపం ఆగలేదు. "తెప్ప పోతే ఒక మాట సెప్పవేటి? నానేటైనా పరాయోణ్ణా? నీ కష్టం నీకుండగా నాకు నీల్లు తాగడం నేర్పుతావేటి, బుద్దుందా నీకు?" అని కేకలేశాను.

అతను దూది వైపే చూస్తూ, చాలా మెల్లగా అన్నాడు.

"నీకోసమే సేసినాననుకున్నావేటి బావ? బడిలో నా పక్కనే క్యాను పెట్టినారు. నిండుగా ఉంది. మొత్తం తాగీసి తొంగుంటే సరిపోద్ది గదా అనిపించింది. ఎక్కడుందో ఎతికాను. పెదాల మీద లేదు, నాలిక మీద లేదు. దాహం కాదని తెలిసిపోనాది. తెలిసినా సెయ్యి క్యాను మీదకే ఎల్తంది. ఒక్కణ్ణీ ఆపుకోలేకపోనాను. అందుకే నీకు పోన్ సేసినాను."

సిస్టర్ నన్ను పిలుస్తోంది, మంచం మీద దుప్పటి మారుస్తోంది. నేను కదల్లేదు. దూది నొక్కుకున్న అతని చేతి మీద నా చెయ్యి వేసి అలాగే నిలబడ్డాను. ఇంత మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం ఫోన్ నేనే చేస్తున్నాను. అతను ఎత్తేదాకా నా గుక్క గ్లాసులోనే ఉంటుంది.